ఓడేది ఎప్పుడూ గురువే

నాలుగేళ్ళ కిందట, జనవరి నెల. జపాన్‌లోని ఫుకుఒకా నగరంలో ఒక వ్యాయామశాల. చెక్క నేల మీద ఉత్త కాళ్ళతో ఓ పదిమంది నిలబడి ఉన్నారు. నేను గోడ పక్కన కూర్చుని చూస్తున్నాను. హైస్కూల్లో చదివే ఒక అబ్బాయి చేతిలో గుండ్రటి కర్ర. అతని ఎదురుగా డెబ్బై దాటిన పెద్దాయన, చేతిలో చెక్క కత్తి. పెద్దాయన కత్తి ఎత్తి నడినెత్తి మీదకు వేటు వేశారు. అబ్బాయి పక్కకు తప్పుకుని కర్రను ఆయన మణికట్టు మీదకు తెచ్చి ఆపాడు. మళ్ళీ నిలబడ్డారు, మళ్ళీ వేటు. ఈసారి కర్ర కొస ఆయన ఛాతీ కింద ఆగింది. గంటసేపు చూశాను. ప్రతిసారీ ఓడింది పెద్దాయనే.

ఈ అబ్బాయి ఎంత బాగా చేస్తున్నాడు, ఈ వయసులో ఆయనకు ఇంత కష్టం ఎందుకు అనుకున్నాను. చివర్లో అందరూ వరుసగా మోకాళ్ళు మడిచి కూర్చుని వంగి నమస్కారం చేశారు. ఎదురుగా ఒక్కరే కూర్చుని ఆ నమస్కారం అందుకున్నది ఆ పెద్దాయన. ఆయనే సెన్సే, అంటే గురువు.

గురువు ఎందుకు ఓడిపోతున్నారు? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మరుసటి వారం మళ్ళీ వెళ్ళాను.

నేను ఉద్యోగం కోసం ఫుకుఒకా వచ్చి అప్పటికి రెండేళ్ళు. రోజంతా కంప్యూటర్ ముందే. ఏదైనా నేర్చుకుందామని ఆఫీసులో అడిగితే కెందో, కరాటే, ఐకిదో పేర్లు చెప్పారు. ఒక సహోద్యోగి మాత్రం, "ఈ ఊళ్ళోనే ఉండి ఈ ఊరి విద్య చూడకపోతే ఎలా?" అన్నారు. ఆ విద్య పేరు జోజుత్సు. జో అంటే కర్ర. శాఖ పేరు షింతో ముసో ర్యూ. నాలుగు వందల ఏళ్ళుగా ఈ ప్రాంతంలోనే పెరిగిన విద్య.

జపాన్ యుద్ధవిద్యలంటే మనకు జూదో, కరాటే గుర్తొస్తాయి. నిజానికి అవి ఇప్పటి రూపానికి వచ్చింది ఈమధ్యనే. 1868లో మెయిజీ పాలన మొదలయ్యే ముందు నుంచీ ఉన్న శాఖలను కొర్యూ అంటారు. ర్యూ అనే అక్షరానికి అర్థం ప్రవాహం. కొర్యూ అంటే పాత ప్రవాహం. వీటిలో పోటీలు ఉండవు, పాయింట్లు ఉండవు, పతకాలు ఉండవు. ఉన్నదంతా కతా. అంటే ఇద్దరు మనుషులు ముందే నిర్ణయమైన ఒక పోరాటాన్ని వేలసార్లు చేయడం. ఎవరు ఏ వేటు వేయాలో, ఎవరు ఎటు కదలాలో ఇద్దరికీ తెలుసు. తెలిసింది కదా, ఇంక అందులో ఏముంటుంది అని బయటివాళ్ళు అడుగుతారు. నేనూ అలాగే అడిగాను. మన సంగీతంలో కీర్తన స్వరాలన్నీ ముందే ఉంటాయి, అయినా పాడిన ప్రతిసారీ అది వేరు కదా. కొన్నాళ్ళు చేశాక నాకు ఆ పోలికే దొరికింది.

మూడుసార్లు ఊరికే చూసిన తర్వాత చేరతానని అడిగాను. సెన్సే నా వయసు అడగలేదు, ఇంతకుముందు ఏం నేర్చుకున్నావని అడగలేదు. "ఫుకుఒకాలో ఎన్నాళ్ళు ఉంటారు?" అని అడిగారు. వీసా, ఉద్యోగం, ఇంటి దగ్గర అమ్మ, ఏదీ నా చేతిలో లేదు. తెలియదండీ అని నిజమే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "సరే, ఉన్నన్నాళ్ళు రండి. కానీ మానకుండా రండి" అన్నారు. స్పోర్ట్స్ ఇన్సూరెన్స్ ఫారం నింపాను. చేరడమంటే అంతే.

కాతోరి షింతో ర్యూ అని 15వ శతాబ్దంలో ఈజాసా చోయిసాయ్ స్థాపించిన శాఖ ఒకటి తోక్యో పక్కనున్న చీబా ప్రాంతంలో ఉంది. అక్కడ చేరేవాళ్ళు వేలి నుంచి రక్తం తీసి ప్రమాణపత్రం మీద ముద్ర వేస్తారు. మా దగ్గర అలాంటిది లేదు. అయినా ఆ శాఖకూ మాకూ చుట్టరికం ఉంది. మా మూలపురుషుడు ముసో గొన్నొసుకె ఆ కత్తివిద్యే నేర్చుకున్నాడని చెబుతారు.

అమ్మకు ఫోన్లో చెబితే, "కర్రసామా అమ్మలూ? అందుకు జపాన్ దాకా వెళ్ళాలా, మన ఊళ్ళో లేదా?" అంది. మాది అమలాపురం. దసరాకు మా ఊళ్ళో చెడీ తాళింఖానా చూడనిదే పండగ అయినట్టు కాదు. కర్రలు, కత్తులు తిప్పుకుంటూ వీధి వీధీ వస్తారు, కళ్ళకు గంతలు కట్టుకుని మనిషి మీద పెట్టిన కూరగాయలు నరుకుతారు. చిన్నప్పుడు నాన్న భుజాలెక్కి చూసిన దృశ్యం అది. ఆ డప్పుల చప్పుడుతో పెరిగిన నాకు ఇక్కడి నిశ్శబ్దం మొదట్లో వింతగా ఉండేది. చూసేవాళ్ళు ఎవరూ లేరు. కర్ర కత్తికి తగిలిన చప్పుడు, అరుపు, మళ్ళీ నిశ్శబ్దం.

కర్ర గురించి చెప్పాలి. పొడవు 128 సెంటీమీటర్లు, మందం 2.4 సెంటీమీటర్లు, తెల్ల ఓక్ చెక్క. నిలబెడితే నా గడ్డం కిందకి వచ్చింది. దీనికి పిడి లేదు, అంచు లేదు, తల లేదు, తోక లేదు. రెండు కొసలూ ఒకటే. పొడిస్తే ఈటె, తిప్పితే నగినాతా (పొడవాటి కర్ర కొసన కత్తి ఉండే ఆయుధం), పట్టుకుంటే కత్తి అని మా శాఖలో ఒక పాత పద్యం ఉంది. ఏ చెయ్యి ఎక్కడ పట్టుకోవాలో కర్ర చెప్పదు, అదే దీని బలం. మొదటి ఆరునెలలు మాత్రం అదే నా కష్టం. కుడి ఎడమలు మారేటప్పుడు వేళ్ళు ఎక్కడో ఒకచోట తడబడేవి.

మొదట నేర్పేవి పన్నెండు మూల కదలికలు. ఇవి 20వ శతాబ్దంలో షిమిజు తకాజి అనే గురువు పాత కతాల నుంచి విడదీసి కూర్చినవి. ముందు ఒంటరిగా చేయాలి, తర్వాత కత్తి పట్టిన మనిషి ఎదురుగా చేయాలి. కొట్టేటప్పుడు "ఏయ్", పొడిచేటప్పుడు "హో" అని కడుపులోంచి అరవాలి. నా గొంతు పెగలడానికే నెలన్నర పట్టింది. అపార్ట్‌మెంట్ గోడలు పలచన కాబట్టి ఆదివారాలు పొద్దున్నే మురోమి నది గట్టుకు వెళ్ళి ప్రాక్టీస్ చేసేదాన్ని. నడకకు వచ్చిన ముసలివాళ్ళు ఆగి చూసేవారు. ఒకావిడ, "జో కదా, మా తాతగారు చేసేవారు" అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ రోజంతా మనసు నిండుగా ఉంది.

ఆ పన్నెండిటిలో మూడోది హికిఒతోషి. అవతలివాడు కత్తిని మన గొంతు వైపు పెట్టి నిలబడతాడు. మనం కర్రను వెనక నుంచి తెచ్చి, ఆ కత్తి పక్క భాగం మీదుగా జారేలా కిందికి కొడతాం. సరిగ్గా తగిలితే కత్తి అవతలివాడి చేతుల్లోంచి ఊడినంత పనై, ఒంటి పక్కకు కొట్టుకుపోతుంది. తప్పుగా తగిలితే ఏమీ కాదు, రెండు చెక్కలు టక్కుమంటాయి, కత్తి అక్కడే ఉంటుంది. బలం పెట్టినకొద్దీ తప్పుగానే తగులుతుంది. నేను భుజాలతో కొట్టేదాన్ని. సెన్సే తన కత్తిని కదలకుండా పట్టుకుని, "ఇంకోసారి" అనేవారు. ఇంకోసారి. ఇంకోసారి. ఒక సాయంత్రం లెక్కపెట్టాను, తొంభై దాటింది. డెబ్బై దాటిన మనిషి నా తప్పు దెబ్బలన్నీ తన మణికట్ల మీద భరిస్తూ నిలబడ్డారు. ఆ మాటంటే, "అది నా పని" అన్నారు.

మే నెలలో నా ఎడమ బొటనవేలికి దెబ్బ తగిలింది. ఎదురుగా ఉన్న సీనియర్ తప్పేమీ లేదు. ఆయన వేటు సరిగ్గానే వచ్చింది, నేను ఆలస్యంగా కదిలాను, వేలు కర్రకు అవతలివైపు ఉండిపోయింది. ఎముక విరగలేదు కానీ మూడు వారాలు కర్ర పట్టుకోవద్దన్నారు డాక్టరు. ఇంట్లో కూర్చుంటాననుకున్నాను. సెన్సే ఊరుకోలేదు, వచ్చి చూడమన్నారు. చూడటం కూడా సాధనే, దానికి మితోరి గేయ్కొ అని పేరే ఉంది.

నా నాలుగేళ్ళలో ఎక్కువ నేర్చుకున్నది ఆ మూడు వారాల్లోనే. అప్పటిదాకా నేను కర్ర పట్టినవాళ్ళనే చూసేదాన్ని. వేలికి కట్టుతో గోడ పక్కన కూర్చున్నప్పుడు మొదటిసారి కత్తి వైపు చూశాను. మా కతాల్లో కత్తి పట్టేవాళ్ళను ఉచిదాచి అంటారు, కర్ర పట్టేవాళ్ళను షిజో అంటారు. మొదట దాడి చేసేది ఉచిదాచి, చివరికి ఓడిపోయేదీ ఉచిదాచే. ఆ స్థానంలో ఎప్పుడూ నిలబడేది ఎక్కువ తెలిసినవాళ్ళు. గెలిచే వైపు ఉండి నేర్చుకునేది తక్కువ తెలిసినవాళ్ళు.

సెన్సే ఒకే కతాను ఐదుగురితో చేశారు. ఐదు వేట్లు వేరు. హైస్కూల్ అబ్బాయికి వేగంగా, దాదాపు తల మీదకు వచ్చేసే వేటు. కొత్తగా చేరిన ఉద్యోగికి నెమ్మదిగా, కానీ దారి ఏమాత్రం తప్పకుండా వచ్చే వేటు. ఇరవై ఏళ్ళుగా వస్తున్న ఆవిడ దగ్గర ఆయన అసలు కదలకుండా చాలాసేపు నిలబడ్డారు. ఆవిడ చూపు ఒక్క క్షణం చెదిరిందో లేదో, కత్తి దిగింది. అవతలి మనిషికి ఇవాళ ఎంత చేతనవుతుందో అంతకు ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ. ఆ కొలత ఆయన ఎవరినీ అడిగి తెలుసుకోలేదు. ఇద్దరి మధ్య ఎంత దూరం ఉందో, దాన్ని మా-ఆయ్ అంటారు, అందులోంచే చదువుకుంటున్నారు.

వేలు నయమయ్యాక నేరుగా అడిగాను: "ఎప్పుడూ మీరే ఎందుకు ఓడిపోతారు?"

"గెలుపు ఎలా ఉంటుందో మీ ఒంటికి తెలియాలి కదా. నా ఒంటికి తెలుసు" అన్నారు. కాసేపాగి, "కత్తి పట్టుకుని చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు. ఆ 'అప్పుడు' రావడానికి మూడేళ్ళు పట్టింది.

ఈ మధ్యలో దాన్, అంటే స్థాయి, పరీక్ష ఒకటి ఇచ్చాను. అఖిల జపాన్ కెందో సమాఖ్య ఈ విద్య ఆధారంగా పన్నెండు కతాలతో 1968లో ఒక ప్రామాణిక పాఠం చేసింది. దేశమంతటా జోదో పేరుతో నేర్పేది అదే. పరీక్షలు, దాన్‌లు దానికి సంబంధించినవి. పాత శాఖ పద్ధతి వేరు. అక్కడ దాన్‌లు లేవు, లోపలికి అడుగుపెట్టారని చెప్పే ఒకుఇరి నుంచి సంపూర్ణ అధికారమిచ్చే మెన్‌క్యో కైదెన్ దాకా గురువు చేత్తో ఇచ్చే పత్రాలు ఉంటాయి. వాటిని అడగకూడదు, అవి వచ్చినప్పుడు వస్తాయి. నేను మొదటి దాన్ పాసయ్యాను. ముందురోజు రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు తప్ప దాని గురించి చెప్పేందుకు పెద్దగా ఏమీ లేదు.

కమాదో ఆలయానికి వెళ్ళిన రోజు గురించి మాత్రం చెప్పాలి. తెంజిన్ నుంచి రైలెక్కి, ఫుత్సుకాఇచిలో మారి, దజైఫులో దిగాను. స్టేషన్ నుంచి తెన్‌మాన్‌గూ ఆలయం దాకా ఉమెగయె మోచి అనే బియ్యప్పిండి మిఠాయి కాల్చే వాసన. నేను అటు వెళ్ళకుండా చిన్న బస్సెక్కి హోమాన్ కొండ కిందికి వెళ్ళాను. ఎనిమిది వందల మీటర్లకు పైగా ఎత్తున్న కొండ. దాని పాదాల దగ్గర కమాదో ఆలయం. ఈమధ్య ఒక యానిమే కథానాయకుడి ఇంటిపేరూ ఇదే కావడంతో పిల్లలు బోలెడుమంది వస్తున్నారు. ఆవరణలో ముసో గొన్నొసుకెకు ఒక చిన్న గుడి ఉంది. అక్కడ మాత్రం నేనొక్కదాన్నే ఉన్నాను.

మా శాఖలో చెప్పుకునే కథ ఇది. గొన్నొసుకె కత్తివిద్యలో ఎవరికీ ఓడని మనిషి. 17వ శతాబ్దం మొదట్లో, జపాన్‌లో పేరుమోసిన కత్తివీరుడు మియామోతో ముసాషితో తలపడ్డాడు. ముసాషి రెండు కత్తులను అడ్డంగా కలిపి అతని ఆయుధాన్ని బిగించేశాడు. గొన్నొసుకె ఎటూ కదలలేక ఓడిపోయాడు. ముసాషి చంపలేదు, వదిలేశాడు. గొన్నొసుకె ఊళ్ళు తిరిగి తిరిగి ఈ కొండకు వచ్చి రోజుల తరబడి ప్రార్థన చేశాడు. ఒక రాత్రి కలలో ఒక బాలుడు కనిపించి, "గుండ్రటి కర్రతో సుయిగెత్సును తెలుసుకో" అన్నాడట. సుయిగెత్సు అంటే నీటిలో చంద్రుడు. రొమ్ము ఎముకల కింద ఉండే మెత్తని గుంటకూ అదే పేరు. దానిని విన్నాక అతను మామూలు కత్తికన్నా కాస్త పొడవుగా ఒక కర్ర చెక్కించుకున్నాడు. ఆ కర్రతో ముసాషిని మళ్ళీ ఎదుర్కొని గెలిచాడని మావాళ్ళు నమ్ముతారు.

ఆ గుడి ముందు నిలబడినప్పుడు నాకు గుర్తొచ్చింది గెలుపు కాదు, మొదటి ఓటమి. అది లేకపోతే ఈ కర్ర లేదు. ముసాషి ఆ రోజు చంపేసినా ఈ కర్ర లేదు.

తర్వాత ఫుకుఒకాను ఏలిన కురోదా ప్రభువులు గొన్నొసుకెను కొలువులో పెట్టుకున్నారు. ఈ విద్యను సంస్థానం దాటి బయటికి పోనివ్వలేదు. 1871లో సంస్థానాలు రద్దయ్యాయి, 1876లో కత్తి ధరించడం నిషేధించారు. ఎన్నో శాఖలు అప్పుడే మాయమయ్యాయి. కత్తి పోయింది కానీ చేతికర్రకు నిషేధం లేదు. ఉచిదా ర్యోగోరో అనే గురువు, కొత్తగా వచ్చిన పాశ్చాత్య పద్ధతి చేతికర్రతో చేయగలిగే కతాలను తయారుచేశారు. షిరాయిషి హంజిరో ఫుకుఒకాలో పాత కతాలను పట్టుకుని కూర్చున్నారు. ఆయన శిష్యుడే ఇందాక చెప్పిన షిమిజు తకాజి. ఆయన తోక్యో వెళ్ళి పోలీసులకు నేర్పారు. కొందరు మనుషులు చాలాకాలం ఓపికపట్టారు కాబట్టి ఇది నా చేతిదాకా వచ్చింది. ఆ ఓపిక గురించి తెలిశాక క్లాసు మానడానికి నాకు మనసొప్పలేదు. వర్షాకాలంలో చెక్క నేల చెమ్మతో పాదాలకు అంటుకునేది, ఆగస్టులో హకామా, అంటే సాధనలో కట్టుకునే వెడల్పాటి కుచ్చిళ్ళ వస్త్రం, మోకాళ్ళకు అతుక్కుపోయేది. అయినా వెళ్ళాను.

పోయిన ఏడాది ఏప్రిల్‌లో ఒక నర్సు చేరారు, యాభై దగ్గర వయసు. నెమ్మదైన మనిషి. సెన్సే నన్ను పిలిచి చెక్క కత్తి చేతిలో పెట్టారు. "ఆమెకు మీరు ఉచిదాచి."

ప్రామాణిక పాఠంలో మొదటి కతా త్సుకిజుయె. ఆమె కర్రను నేలకు ఆనించి నిలబడింది. నేను కత్తి భుజం పక్కకు ఎత్తి మూడడుగులు ముందుకు వేశాను. ఆమె కళ్ళలో భయం కనిపించింది. నాకు నా మొదటి రోజులు గుర్తొచ్చాయి. వేటును కొంచెం పక్కకు, కొంచెం పొట్టిగా వేశాను. ఆమె తప్పుకుంది, కర్ర నా మణికట్టు మీదకు వచ్చింది. బాగా జరిగిందనుకున్నాను.

సెన్సే ఆపారు. "ఆ వేటు ఎవరికి వేశారు?"

నాకు అర్థం కాలేదు.

"ఆమె కదలకపోయినా అది తగిలేది కాదు. తగలని వేటు నుంచి తప్పుకోవడం ఆమె నేర్చుకుంటోంది." ఆయన గొంతు పెంచలేదు. ఆమెను పక్కకు జరగమని, తాను ఆ చోట నిలబడ్డారు. కర్ర లేదు, చేతులు ఊరికే వేలాడుతున్నాయి. "నాకు వేయండి. నా నెత్తికి."

నాలుగేళ్ళలో నేను చేసిన కష్టమైన పని అదే. డెబ్బై అయిదేళ్ళ గురువు నడినెత్తి మీదకు నిజంగా కత్తి దించాలి. ఆయన తప్పుకోరని తెలుసు. అంటే ఆపాల్సింది నేనే, చర్మానికి వేలెడు దూరంలో. మొదటిసారి దూరంగా ఆగింది, ఒప్పుకోలేదు. రెండోసారి పక్కకు పోయింది. ఎన్నోసారో గుర్తులేదు, కత్తి ఆయన తెల్లజుట్టుకు తగిలీ తగలనట్టు ఆగింది. ఆయన రెప్ప వేయలేదు. "ఇదీ ఆమెకు మీరు ఇవ్వాల్సింది" అన్నారు.

గోడ పక్కన కూర్చుని ఐదు వేట్లు చూసిన ఆ సాయంత్రం నేను చూసింది సగమే. అవతలి మనిషి స్థాయికి తగ్గించి వేయడం అనుకున్నాను. తగ్గేది వేగం ఒక్కటే. దారి ఎవరికీ తగ్గదు. నిజం వేటు వేస్తూనే, ఆమె కదలకపోతే ఆపగలిగేంత చేవ నాకు ఉండాలి. ఆమె కదిలాక ఆ దెబ్బకు నా మణికట్టు ఖాళీగా, సిద్ధంగా ఉండాలి. ముందే తీసేయకూడదు, బిగించకూడదు. ఓడిన తర్వాత కూడా చూపు తెంపకుండా, ఆమె చూపు తెగనివ్వకుండా వెనక్కి నడవాలి. దాన్ని జాన్‌షిన్ అంటారు. గెలిచే వైపు మూడేళ్ళు చేసిన కతానే, ఓడే వైపు నిలబడితే నాకు ఒక్క అడుగూ రాలేదు.

ఇప్పుడు ప్రతి బుధవారం ఆమె, నేను. హికిఒతోషికి ఆమె కూడా భుజాలతోనే కొట్టేది. నేను కత్తిని ఆమె గొంతుకు ఎదురుగా పెట్టి నిలబడేదాన్ని. టక్, కత్తి అక్కడే. టక్, అక్కడే. ఇంకోసారి అనేదాన్ని. వేసవి అలాగే గడిచింది. నా మణికట్లు రాత్రిళ్ళు సలిపేవి, వేడినీళ్ళలో పెట్టుకునేదాన్ని. సెన్సే మణికట్లు ఇన్నేళ్ళూ ఎలా ఉండి ఉంటాయో అప్పుడు తెలిసింది.

నవంబరులో ఒక బుధవారం ఆమె ఆసుపత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది, బాగా అలిసిపోయి ఉంది. బలం పెట్టడానికి ఒంట్లో బలమే లేదు. కర్ర వెనక నుంచి ఊరికే వచ్చినట్టు వచ్చింది. చప్పుడు వేరుగా ఉంది, పొడుగ్గా, గీసినట్టు. నా కత్తి చేతుల్లో నిలవలేదు. కిందికి, పక్కకు కొట్టుకుపోయింది, మంట అరచేతుల నుంచి మోచేతుల దాకా పాకింది. కర్ర కొస నా కళ్ళకు ఎదురుగా ఆగి ఉంది.

హాలు ఆ చివర వేరేవాళ్ళతో ఉన్న సెన్సే చప్పుడు విని ఇటు తిరిగారు. ఏమీ అనలేదు, మళ్ళీ అటు తిరిగిపోయారు.

ఆమె ఇంకా తన కర్ర వైపే చూస్తోంది. "చూపు నా మీదే ఉండాలి" అన్నాను. ఆమె తల ఎత్తింది. నేను కత్తి సర్దుకుని మళ్ళీ ఆమె గొంతుకు ఎదురుగా పెట్టాను.

"ఇంకోసారి."